అంచున ఒక మరక

పోయిన నెల జగిత్యాలలో ఒక కాలేజీ వాళ్లు నన్ను ముఖ్య అతిథిగా పిలిచారు. ముప్పై ఏళ్లు బడిలో చరిత్ర చెప్పి ఇంట్లో కూర్చున్న పంతులమ్మను పిలిస్తే శాలువా కప్పడానికే పిలుస్తారని నాకు తెలుసు. అలాంటి శాలువాలు మా అలమారలో ఒక అర నిండా ఉన్నాయి. ఎండాకాలం వాటిని కప్పుకోలేం, చలికాలం అవి చలిని ఆపవు. అయినా వెళ్లాను. పిలిచినవాడు నా దగ్గర చదువుకున్నవాడు, ఇప్పుడక్కడ చరిత్ర లెక్చరరు. మన వైపు నుంచి గల్ఫ్ దేశాలకు పోయినవాళ్ల గురించి పిల్లలను ఇంటింటా తిప్పి వస్తువులు సేకరించి ప్రదర్శన పెట్టాడు. పాత పాస్‌పోర్టులు, తాళ్లు కట్టిన సూట్‌కేసులు, మంచం మీద సగం జాగా ఆక్రమించే పెద్ద టేప్‌రికార్డరు, ఖాళీ సెంటు సీసాలు, ఉత్తరాలు. వాటన్నిటి మీద ఒక పుస్తకం అచ్చుకు పోతోందని, ముందుమాట నేనే రాయాలని, ఫోన్లోనే ఒట్టు పెట్టించుకున్నాడు.

సెంటు సీసాల బల్ల దగ్గర బాగానే ఉన్నాను. మూత తీసి వాసన కూడా చూశాను, కొద్దిగా మిగిలే ఉంది. ఆ పక్క బల్ల మీద ప్లాస్టిక్ కవరు కింద ఒక నీలం రంగు ఏరోగ్రామ్ పరిచి ఉంది. మూడు మడతలు పెట్టి, అంచులకు జిగురు రాసి విదేశాలకు పంపే కాగితం అది. దాని ముందు నిలబెట్టిన అట్ట మీద చక్కటి అక్షరాలతో ఇలా ఉంది: "భర్తకు భార్య స్వహస్తాలతో రాసిన ఉత్తరం. ప్రాథమిక ఆధారం. స్థలం: కోరుట్ల. స్థితి: బాగుంది, అంచున ఒక మరక." దాని కింద ఇంకో నాలుగు వరుసలు. భర్త తిరిగి వస్తానన్నా ఇల్లు పూర్తయ్యేదాకా రావద్దని భార్యే ఆపినట్టు ఈ ఉత్తరం రుజువు చేస్తోందట. గల్ఫ్ సొమ్ము మోజులో ఆడవాళ్ల పాత్ర తక్కువేం కాదని దీన్నిబట్టి తెలుస్తోందట. చివర "తమ విధేయురాలు" అని సంతకం పెట్టడంలో ఆనాటి స్త్రీ అణకువ కూడా కనిపిస్తోందట. మోజూ అణకువా రెండూ ఒకే ఆడమనిషిలో ఎలా ఇమిడాయో అట్ట మీద రాయలేదు.

నేను కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ చూశాను. కాగితానికి ఎడమ వైపు పెన్సిలుతో గీసిన మార్జిను ఉంది. కుడి వైపు పైన ఊరి పేరు, దాని కింద తేదీ, రెంటికీ కింద అడ్డగీత. "అయ్యా" అనే సంబోధన. కింద "ఇట్లు, తమ విధేయురాలు". ఏడో తరగతిలో మా తెలుగు సారు సెలవు చీటీ ఎలా రాయాలో నేర్పించిన పద్ధతి అది. ఒక్క గీత అటూ ఇటూ కాలేదు. ఆ ఉత్తరం రాసింది ఆ భార్య కాదు. రాసింది నేను.

మా ఇల్లు కోరుట్లలో బీడీలు చుట్టే వాడలో ఉండేది. ఇంటి ముందు అరుగు మీద పొద్దుటి నుంచి సాయంత్రం దాకా నలుగురైదుగురు ఆడవాళ్లు ఒళ్లో చాటలు పెట్టుకుని కూర్చునేవాళ్లు. తడిపిన తునికాకును రేకు అచ్చు పెట్టి కత్తెరతో కత్తిరించడం, చిటికెడు జర్దా పోసి చుట్టడం, మొన మడిచి దారం కట్టడం. మాట ఆగినా చెయ్యి ఆగేది కాదు. మా ఇంట్లో వండిన అన్నానికి కూడా పొగాకు వాసన ఉండేదని, అది పొగాకు వాసన అని నాకు పై చదువులకు హాస్టల్‌కు పోయాకగానీ తెలియలేదు. ఆ అరుగు మీద అందరికన్నా వేగమైన చెయ్యి మా చిన్నమ్మది. మా నాన్న తమ్ముడైన చిన్నబాపు భార్య, సిరిసిల్ల పిల్ల. చిన్నబాపు పెళ్లైన మూడో ఏడు మస్కట్ పోయాడు. అప్పటికి వాళ్ల బిడ్డ, అంటే నా చెల్లె, ఇంకా పాకుతోంది.

వాడలో మగవాళ్లు సగం మంది గల్ఫ్‌లో ఉంటే, వాళ్ల ఆడవాళ్లలో చదువు వచ్చినవాళ్లు ఒక్కరూ లేరు. ఏడో తరగతి చదువుతున్న నేను ఆ వాడ మొత్తానికి చెయ్యి అయ్యాను, కళ్లు కూడా అయ్యాను. వచ్చిన ఉత్తరం అరుగు మీద అందరి మధ్యలో పైకి చదవాలి, మొగుడూ పెళ్లాల మధ్య మాట అయినా సరే. పోయే ఉత్తరం నేను రాయాలి. నాకు రాయడం వచ్చిన ఉత్తరం ఒక్కటే, సెలవు చీటీ. అందుకని వాడలోని ఆడవాళ్లందరూ తమ మొగుళ్లకు తమ విధేయురాళ్లు అయిపోయారు. పక్కింటి పెద్దమ్మ మొగుడు బహ్రెయిన్ నుంచి జవాబు రాస్తూ, "నన్ను అయ్యా అని పిలిచుడు ఎప్పటిసంది మొదలువెట్టినవ్" అని అడిగాడు. అది నేనే పైకి చదివాను. అరుగు అరుగంతా నవ్వింది, పెద్దమ్మ జర్దా చాట కింద పెట్టేసి మరీ నవ్వింది. ఆ "విధేయురాలు" మీద ఇప్పుడు ఒక లెక్చరరు స్త్రీ అణకువను నిలబెట్టాడు. అతన్ని ఏమనాలి? అలా చదవమని నేర్పించిన పంతులమ్మను నేనే కదా.

చిన్నమ్మకు ఒక అలవాటు ఉండేది. ఉత్తరం రాయడం అయ్యాక, జిగురు పెట్టకముందు, కాగితం తన ముందుకు జరుపుకుని, జర్దా అంటిన బొటనవేలిని నాలుకతో తడిపి అంచు మీద ఒత్తేది. గోధుమ రంగు ముద్ర పడేది. ఎవరూ అడగలేదు, ఎవరూ నేర్పలేదు. "అచ్చరం నీదైనా ఉత్తరం నాదని ఆయనకు ఎరుక గావద్దా" అనేది. చిన్నబాపు కూడా ఒకసారి రాశాడు, మిగతాది తర్వాత చదువుకుంటాను, ముందు ఆ వేలిముద్ర వాసన చూస్తాను అని. ఆ వాక్యం నేను పైకి చదవబోయి గొంతు తగ్గించుకున్నాను. చిన్నమ్మ తల ఎత్తలేదుగానీ ఆ పూట ఆమె చుట్టిన బీడీలు కొన్ని వంకరగా వచ్చాయి.

ఒక ఎండాకాలం చిన్నబాపు దగ్గరి నుంచి ఉత్తరం వచ్చింది. కంపెనీ వాళ్లతో ఒప్పందం అయిపోవచ్చింది, ఇంకో రెండేళ్లకు సంతకం పెట్టమంటున్నారు, కానీ కొద్దినాళ్లుగా ఛాతీలో పట్టేసినట్టుంటోంది, మెట్లు ఎక్కితే ఆయాసం వస్తోంది. వచ్చేయాలా, ఉండాలా, నువ్వు ఎట్లా అంటే అట్లా, జవాబు తొందరగా రాయించు అని. నేను చదువుతుంటే చిన్నమ్మ చెయ్యి ఆగిపోయింది. ఆమె చెయ్యి ఆగడం నేను అదే మొదటిసారి చూడటం. మర్నాడు మధ్యాహ్నం ఏరోగ్రామ్ తెప్పించింది. నేను మార్జిను గీసి, ఊరి పేరు రాసి, ఇక్కడ అందరం క్షేమం అనే వాక్యం రాస్తుండగా చెప్పడం మొదలుపెట్టింది. "రమ్మని రాయి బిడ్డా. పానం బాగలేనోనికి ఆడ ఏం పని. ఇల్లు ఇయ్యాల గాకుంటె ఎప్పుడో కట్టుకుంటం, గీ పెంకల కిందనే ఉంటం. మొదటి బండికి రమ్మని రాయి. గంతే. ఇంకేం రాయకు." అంతవరకు చెప్పి, చుట్టిన బీడీలు మూటగట్టుకుని, బీడీ కంపెనీలో ఇచ్చి వస్తానని లేచి వెళ్లింది. వచ్చేలోపు మంచి అక్షరాలతో పూర్తి చేసిపెట్టమంది.

ఆమె మూల తిరిగిందో లేదో మా నాయనమ్మ లోపలి నుంచి వచ్చి నా పక్కన కూర్చుంది. మా కొత్త ఇంటికి గోడలు లేచి ఉన్నాయి, స్లాబు పడలేదు. జీవితమంతా వానకు గిన్నెలు పట్టిన మనిషి నాయనమ్మ. ఆమెకు స్లాబు ఎంత ముఖ్యమో నాకిప్పుడు తెలుసు. తెలిసినా ఆమె మీద నా కోపం తగ్గదు. "స్లాబు వడేదాంక ఉండుమని రాయి" అంది. చిన్నమ్మ రమ్మని రాయమంది అన్నాను. "గది నిన్నగాక మొన్నచ్చింది. కన్నదాన్ని నేను. గాలి మారితె ఛాతి నొయ్యదా ఎవలకన్న. ఈడ అందరం మంచిగున్నం, నువ్వు ఉండు, ఇల్లు జేసుకోని రా అని దాని పేరు మీదనే రాయి." నేను పెన్ను పట్టుకుని అలాగే కూర్చున్నాను. నాయనమ్మ గొంతు పెంచలేదు. మూలకు ఆనించి ఉన్న ఖాళీ చాటను చూపించింది. "బడికి ఇగ పోకు రేపటిసంది. గదిగో చాట. రాసుడు రానోల్లకు చుట్టుడన్న రావాలె."

మా వాడలో ఏడో తరగతి దాకా వచ్చిన ఆడపిల్లను నేను ఒక్కదాన్నే. నాతోపాటు మొదలుపెట్టిన వాళ్లందరి ఒళ్లలోకీ చాటలు వచ్చేశాయి. నేను రాశాను. నా చేతికి వచ్చినంత అందంగా, కొట్టివేతలు లేకుండా రాశాను. ఇల్లు పూర్తయ్యేదాకా మీరు రావలసిన అవసరం లేదని, మీ ఆరోగ్యం కొద్ది దినములలో కుదుటపడగలదని, సెలవు చీటీలో జ్వరం గురించి రాసే భాషలోనే రాశాను. చిన్నమ్మ తిరిగి వచ్చి, కొంగుతో ముఖం తుడుచుకుని, నా ముందు కూర్చుని, "నేను చెప్పినట్టే రాసినవా" అని అడిగింది. రాసిన చిన్నమ్మా అన్నాను. ఆమె బొటనవేలు తడిపి అంచున ఒత్తింది.

చిన్నబాపు ఒప్పందం మీద సంతకం పెట్టాడు. ఆ సంగతి రాసిన ఉత్తరం కూడా పైకి చదివింది నేనే, "నువ్వన్నట్టే" అన్న మాట వదిలేసి. ఆ సంవత్సరం తిరగకుండానే, పడుకున్నవాడు పడుకున్నట్టే పోయాడు. శవంతో పెట్టె వచ్చింది. పెట్టె తర్వాత కొద్ది రోజులకు మెట్‌పల్లి అతను ఒకడు ఆయన సూట్‌కేసు తెచ్చి ఇచ్చాడు. అందులో బట్టల మధ్య ఉత్తరాలన్నీ కట్టగట్టి ఉన్నాయి. పదకొండో దినం చుట్టాలందరూ కూర్చున్నప్పుడు నాన్నకు అన్న అయిన మా పెద్దబాపు ఆ కట్ట విప్పి, అన్నిటికన్నా పైన ఉన్న దాన్ని తీసి పైకి చదివాడు. తన పేరు మీద ఏం రాసి ఉందో చిన్నమ్మ అలా విన్నది, వీపుకు గోడ ఆసరాతో కూర్చుని, అందరితోపాటు. విని, "నేను గట్ల చెప్పలే" అంది. మెల్లగానే అంది. పెద్దబాపు కాగితం తిప్పి చూపించాడు. "కాగితం అబద్ధం చెప్తదా? ఏలిముద్ర నీదే గదా." ఆమె నావైపు చూసింది. ఆమె చూపు వెంట పెద్దబాపు కూడా చూశాడు. "ఏమే పొల్లా, మీ చిన్నమ్మ చెప్పిందే రాసినవా?" నాయనమ్మ అక్కడే ఉంది, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని. నేను తల ఊపాను. ఊపడం ఎటువైపో అందరికీ తెలిసేలా ఊపాను.

ఆ రోజు నుంచి మా చుట్టాల్లో ఆమెకు వేరే పేరు లేదు. మొగణ్ని రావద్దన్న ఆడది. పెళ్లిళ్లలో కూరగాయలు కోస్తూ చెప్పుకునేవాళ్లు, బస్సులో పక్క సీటు వాళ్లకు చెప్పేవాళ్లు, స్లాబు మోజుకు మనిషిని మింగిందని. ఆ స్లాబు కింద నాయనమ్మ ఇంకా చాలా ఏళ్లు సుఖంగా నిద్రపోయింది. చిన్నమ్మ ఆ ఇంట్లో ఒక్క వానాకాలం కూడా ఉండకుండా బిడ్డను చంకనేసుకుని సిరిసిల్ల పోయింది. నన్ను బిడ్డా అని పిలవడం మానేసింది. అంతే, అంతకుమించి ఏమీ అనలేదు. నేను పదో తరగతి పాసయ్యాను, డిగ్రీ చేశాను, టీచరునయ్యాను. ప్రతి జూన్‌లో బోర్డు మీద నిలువుగా గీత గీసి ఎడమవైపు ప్రాథమిక ఆధారాలు, కుడివైపు ద్వితీయ ఆధారాలు అని రాసేదాన్ని. పెళ్లిలో భోజనం చేసినవాడి మాట మొదటిది, వాడి నోట విన్నవాడి మాట రెండోది అని చెప్పి పిల్లల్ని నవ్వించేదాన్ని. ఉత్తరాలు ఎటువైపు రాయాలి టీచర్ అంటే, ఏ తడబాటూ లేకుండా ఎడమవైపు రాయించేదాన్ని. ఉత్తరం రాసేటప్పుడు పక్కన ఎవరు కూర్చున్నారో కనుక్కోండి అని ఒక్క తరగతిలో, ఒక్క పిల్లకు చెప్పలేదు. తెలియక కాదు. తెలిసినదాన్ని నేనొక్కదాన్నే కాబట్టి చెప్పలేదు.

ఇప్పుడు పెద్దబాపు మునిమనవరాలు ఆ కాలేజీలో చదువుతోంది. మా ఇంట్లో పాత ఉత్తరం ఉంది సార్ అని ఆమే తెచ్చి ఇచ్చింది, దానితోపాటు ఇంట్లో చెప్పుకునే కథ కూడా. లెక్చరరు ఉత్తరాన్ని కథతో పోల్చి చూశాడు, రెండూ సరిపోయాయి. ఎందుకు సరిపోవు, కథ పుట్టిందే ఆ ఉత్తరంలోంచి. నేను అతన్ని పక్కకు పిలిచి, ఇది ఆమె రాసిందని నీకెవరు చెప్పారు అని అడిగాను. "మేడం, గిది ఒరిజినల్, జిరాక్స్ కాదు. కింద ఆమె పేరున్నది. ఉత్తరాలు ప్రైమరీ సోర్స్ అని మీరే కదా మాకు చెప్పింది" అన్నాడు, పాఠం అప్పజెప్పినవాడి సంతోషంతో. ఈ పేజీ ఫొటోతో సహా పుస్తకంలో పెడుతున్నామని, వారంలో అచ్చుకు పోతుందని చెప్పాడు. నాకు ఒళ్లు మండిపోయింది. అతని మీద, ఆ అట్ట మీద, మా నాయనమ్మ మీద, కాగితం అబద్ధం చెప్పదన్న పెద్దబాపు మీద. ఇంతవరకు చుట్టాల నోళ్లలో నలిగిన మాట ఇక గ్రంథాలయాల్లో ఉండబోతోంది. తర్వాత ఎవడో దాన్ని చూసి ఇంకో పుస్తకం రాస్తాడు. అంత మండిపోయినదాన్ని, వేదిక ఎక్కి ఏం చేశాను? శాలువా కప్పించుకుని, పిల్లల కృషి అభినందనీయం అని పదిహేను నిమిషాలు మాట్లాడి దిగాను. అరవై ఏళ్ల వయసులో, బడి మానిపిస్తామని బెదిరించేవాళ్లు ఎవరూ లేనప్పుడు, మళ్లీ తల ఊపాను.

 మర్నాడు పొద్దున్నే సిరిసిల్ల పోవడానికి బస్సెక్కాను. మల్యాల దాటేవరకు ఏం చెప్పాలో కూడబలుక్కున్నాను, వేములవాడలో బస్సు మారేటప్పటికి అన్నీ మరిచిపోయాను. సిరిసిల్లలో చిన్నమ్మ వాళ్ల గల్లీలోకి తిరిగితే రెండు వైపులా మరమగ్గాల చప్పుడు, మాట వినపడాలంటే మనిషికి దగ్గరగా నిలబడాలి. చెల్లె ఇంటి ముందు గదిలో కుట్టుమిషన్ పెట్టుకుంది. చిన్నమ్మ గడప దగ్గర పీట మీద కూర్చుని ఉంది. బీడీలు మానేసి చాలా ఏళ్లయినా ఆమె వేళ్లు ఒళ్లో వాటంతటవే కదులుతుంటాయి. చెల్లె చాయ్ పెట్టబోతే వద్దని, కూర్చోమని చెప్పి, ఇద్దరి ముందూ చెప్పాను. ప్రదర్శన సంగతి, అట్ట మీది రాత, ఆ మధ్యాహ్నం నాయనమ్మ కూర్చోవడం, చాట, నేను రాసింది, నేను తల ఊపింది. చెప్తున్నంతసేపూ చిన్నమ్మ గల్లీలోకే చూసింది. చెల్లె మాత్రం కదలకుండా నన్నే చూసింది.

ఆనాడు ఉత్తరం రాసిన చిన్న పొల్లను తాను ఏమీ అనలేదని చిన్నమ్మ మొదలుపెట్టింది. గొంతులో తడి లేదు. "బడి కోసం రాసింది. మీ నాయనమ్మ సంగతి నాకెరుక లేదా. పదకొండొద్దులనాడు తలకాయ ఊపింది గూడ ఆ పొల్లనే. పోనీ అనుకున్న. మరి పంతులమ్మవైతివి గదా. నౌకరొచ్చె, పెండ్లాయె, మీ నాయనమ్మ గూడ పాయె. గప్పుడెందుకు చెప్పకపోతివి? ఆ పొల్లను కాదు, పంతులమ్మను అడుగుతున్న."   ఆమె ఆగలేదు, చెల్లెను చూపించింది. "ఇది పదో తరగతిల ఒకనాడు నా మీద కోపమచ్చి ఏమన్నదో ఎరికేనా? బాపును రాకుంట జేసింది నువ్వే గదా అన్నది. నేనేం జెప్పాలె? నా దగ్గర నోరున్నది. ఆళ్ల దగ్గర కాగితం ఉన్నది." చెల్లె మిషన్ మీద ఉన్న గుడ్డను మడత పెట్టడం మొదలుపెట్టింది, మడిచి మళ్లీ విప్పింది. తర్వాత నావైపు తిరిగి, "అక్కా, మా ఇంట్ల ఎన్నిసార్లు తిని పోయినవ్" అంది.  పండక్కూ పబ్బానికీ వచ్చి, చిన్నమ్మ చేతి పచ్చిపులుసు బాగుంటుందని అడిగి మరీ వేయించుకున్న మనిషిని నేను.

సంచిలోంచి కాగితం, పెన్ను తీశాను. చిన్నమ్మా, నువ్వు చెప్పు, ఈసారి నువ్వు చెప్పిందే రాస్తాను, ఉత్తరం పక్కన పెట్టిస్తాను అన్నాను. ఆమె అప్పుడు మొదటిసారి నా ముఖంలోకి చూసింది. కోపంగానే చూసింది. "ఒకల చేతికి పెన్నిచ్చి చెప్పుడు నేను ఆనాటిసంది బంద్ జేసిన" అని, నా చేతిలోంచి పెన్ను తీసుకుంది. సిరిసిల్ల వచ్చాక బిడ్డను బడిలో వేసి, సాయంత్రం బిడ్డ పలక మీద తానూ దిద్దిందట. ఆ సంగతి నాకు తెలియదు. ఇన్నేళ్లలో ఆమె గురించి ఏం తెలుసుకున్నాను గనక. కాగితం పీట మీద పెట్టుకుని వంగి రాయడం మొదలుపెట్టింది. ఒక్కో అక్షరానికీ ముందు పెన్ను గాలిలో ఒకసారి తిప్పి చూసుకుంటోంది. మగ్గాలు ఆడుతూనే ఉన్నాయి. రాసిన కాగితం నాకు ఇవ్వలేదు, చెల్లెకు ఇచ్చింది. "నువ్వు సదువు. అది సదివితె నాకు నమ్మకం లేదు." చెల్లె చదివింది. నేను రమ్మన్న. పానం బాగలేదని రమ్మనే చెప్పిన. నా పేరు మీద వేరే రాసిండ్రు. చెల్లె రెండోసారి చదవబోయి, కాగితం తల్లికి తిరిగి ఇచ్చేసింది. వచ్చి తల్లి మోకాళ్ల దగ్గర కూర్చుంది. నన్ను ఎవరూ ఉండమనలేదు, వెళ్లమనలేదు. కాగితం మడిచి నా సంచిలో పెట్టింది చిన్నమ్మే. "గా పుస్తకమోల్లకియ్యి" అంది. బిడ్డా అనలేదు.

లెక్చరరు ఆ కాగితం రెండుసార్లు చదివాడు. మంచివాడే. తర్వాత తల గోక్కుని, "మేడం, మరి ఇది రాసింది ఇప్పుడు కదా. దీన్ని ప్రైమరీ కింద పెట్టాల్నా, సెకండరీ కింద పెట్టాల్నా?" అన్నాడు. అతని మీద అరిచాను. అరవకూడదు, అడిగింది చరిత్రకారుడు అడగవలసిన ప్రశ్నే, కానీ అరిచాను. ఏ గడిలో పెడతావో పెట్టు, ముందు ఆ అట్ట తీయి అన్నాను. పుస్తకంలో ఆ పేజీ తిరగరాస్తే తప్ప ముందుమాట రాయనని, రాస్తే ఇదంతా అందులోనే రాస్తానని చెప్పాను. "మీ పేరెందుకు మేడం, మంచిగుండదు, మిమ్మల్ని చూసి మేమంత..." అని నసిగాడు. నన్ను చూసి మీరంతా ఏం నేర్చుకున్నారో ఆ అట్ట మీద ఉంది అన్నాను.

చిన్నమ్మ కాగితం ఉత్తరం పక్కన పెట్టించి, అట్ట బయటికి తీయించి, పెన్నుతో "భార్య స్వహస్తాలతో" అన్న మాటలు కొట్టేశాను. రాసింది ఏడో తరగతి చదివే ఆడపిల్ల, రాయించింది అత్త, పేరు మాత్రం కోడలిది అని రాసి, నా పేరు పూర్తిగా, ఇంటి పేరుతో సహా రాశాను. భార్యే ఆపిందన్న వరుస, మోజు, అణకువ అన్న వరుసలు అన్నీ కొట్టేశాను. ఇక "అంచున ఒక మరక" మిగిలింది. దాన్ని కొట్టేసి, వేలిముద్ర, ఈ కాగితం మీద ఆమెది ఇదొక్కటే అని రాశాను. ప్లాస్టిక్ కవరు తీసి ఉత్తరాన్ని దగ్గరగా చూశాను. నేను అంత అందంగా రాసిన అక్షరాలు చాలా చోట్ల వెలిసిపోయి, చదవడానికి రావడం లేదు. ఇన్నేళ్లు గడిచినా ఆ జర్దా ముద్రలో ఆమె వేలి గీతలు మాత్రం ఒక్కొక్కటీ విడివిడిగా కనిపిస్తూనే ఉన్నాయి.